బొమ్మకు ఆ ముఖం ఎవరిచ్చారు?

పోయిన సంచికలో సర్రియలిస్టు బొమ్మల సినిమాల గురించి ఒక పేజీ రాస్తే, ఈ శీర్షికకు ఎప్పుడూ రానన్ని ప్రశ్నలు వచ్చాయి. అందుకని ఈసారి జవాబులన్నీ వాటికే. ఒక మాట ముందే చెప్పాలి. నేను విమర్శకురాలిని కాను. ఇరవై రెండేళ్లుగా స్టాప్ మోషన్ సినిమాలకు బొమ్మలు చేస్తూ, వాటిని ఫ్రేము ఫ్రేముకీ కదిలిస్తూ బతుకుతున్నాను. ఏ సినిమా చూసినా నా కన్ను ముందు ఆ బొమ్మ ఎలా తయారైందన్న దాని మీదికే పోతుంది. నా జవాబులూ అక్కడి నుంచే వస్తాయి.

ప్రశ్న: మేడమ్, యాన్ ష్వాంక్‌మయర్ తీసిన ‘డైమెన్షన్స్ ఆఫ్ డైలాగ్’ చూశాం. కూరగాయలతో, వంట సామాన్లతో చేసిన తలలు ఒకదాన్నొకటి మింగి కక్కుతుంటాయి. ఇది రాజకీయ విమర్శ అని నా స్నేహితురాలు అంటుంది. సర్రియలిజం అంటే కల, కలకి అర్థం వెతకకూడదు అని నేనంటాను. ఎవరిది రైటు? (ఒక పీజీ విద్యార్థి)

జవాబు: మీ స్నేహితురాలి మాటే నాకు సరైనదనిపిస్తుంది.

ఆ సినిమా 1982లో, చెకోస్లొవేకియాలో కమ్యూనిస్టు ప్రభుత్వం నడుస్తున్న రోజుల్లో తయారైంది. మీరు చెప్పిన తలలు మొదటి భాగంలోవి. ఒక తలంతా తిండి పదార్థాలు. ఇంకో తలంతా లోహపు సామాన్లు. మూడో తల పుస్తకాలు, కాగితాలు, రాత సామగ్రి. పదహారో శతాబ్దంలో హాబ్స్‌బర్గ్ చక్రవర్తుల కొలువులో పనిచేసిన ఆర్చింబోల్డో అనే ఇటలీ చిత్రకారుడు పళ్లతో, కూరగాయలతో మనుషుల ముఖాలు వేసేవాడు. ఆ పోలిక అక్కడి నుంచి వచ్చింది. ఒక తల ఇంకో తలని మింగుతుంది, నమిలి కక్కుతుంది. కక్కిన ప్రతిసారీ ముక్కలు మరింత చిన్నవవుతాయి. చివరికి మిగిలేవి నున్నటి మట్టి తలలు. అన్నిటిదీ ఒకే ముఖం. ఒక ముఖం అచ్చం తనలాంటి ముఖాన్నే కక్కుతుంది, అది మళ్లీ ఇంకోదాన్ని. అంటే ఇక్కడ మాట్లాడుకోవడమంటే అవతలివాడు తనలా అయ్యేదాకా నమలడమే.

సినిమాలో ఒక్క మాట లేదు. ఒక్క జెండా లేదు. అయినా అప్పటి అధికారులకు అది గిట్టలేదు. బయట మాత్రం 1983లో బెర్లిన్ చిత్రోత్సవంలో షార్ట్ ఫిల్ములకిచ్చే గోల్డెన్ బేర్ దానికే వచ్చింది. చివరి భాగం ఇంకొకసారి చూడండి. ఇద్దరు ముసలివాళ్ల మట్టి తలలు ఎదురెదురుగా ఉంటాయి. ఒకరి నోట్లోంచి బ్రష్ వస్తే ఇంకొకరి నోట్లోంచి పేస్టు వస్తుంది. ఒకరు బ్రెడ్డు, ఇంకొకరు వెన్న. ఒకరు బూటు, ఇంకొకరు లేసు. కాసేపటికి లెక్క తప్పుతుంది. బ్రష్ మీద వెన్న పడుతుంది, పేస్టు బూటులోకి పోతుంది. ఇద్దరూ పగుళ్లిచ్చి, నాలుకలు వేలాడేసి రొప్పుతుంటారు. ఆఫీసుల్లో జరిగే మీటింగుల మీద ఇంతకంటే సూటి వ్యాఖ్యానం నేను ఎక్కడా చూడలేదు.

కలకి అర్థం వెతకకూడదన్న మాట సర్రియలిస్టులు కూడా ఒప్పుకోరు. 1924లో ప్యారిస్‌లో వాళ్ల నాయకుడు, కవి ఆంద్రే బ్రెతాన్ మొదటి మేనిఫెస్టో రాసినప్పుడు కలని తీసిపారేయలేదు. మెలకువలో మనం నొక్కిపెట్టుకునేది కలలో బయటపడుతుందని, అందుకే దాన్ని పట్టించుకోవాలని వాళ్ల వాదన. మన విమర్శకులు అధివాస్తవికత అన్నదీ దీన్నే. వాస్తవాన్ని వదిలిపెట్టడం కాదు, దాని అడుగున ఉన్నదాన్ని పైకి లాగడం.

ష్వాంక్‌మయర్ 1934లో ప్రాగ్‌లో పుట్టాడు, బొమ్మలాటే చదువుగా చదువుకున్నాడు, 1970లో చెక్ సర్రియలిస్టు బృందంలో చేరాడు. 1972లో ‘లియొనార్డోస్ డైరీ’ తీస్తూ, లియొనార్డో గీసిన బొమ్మల మధ్య అప్పటి మామూలు జీవితపు డాక్యుమెంటరీ ముక్కలు అతికించాడు. పైవాళ్లకి కోపం వచ్చింది. ఆ తర్వాత ఏడేళ్లు సినిమా చేతికి రాలేదు. ఆ ఖాళీలో ఆయన కంటికి కాకుండా చేతికి పనికొచ్చే వస్తువులు చేశాడు. చూడటానికి కాదు, తాకడానికి. మళ్లీ సినిమాల్లోకి వచ్చాక ఆయన చూపించే మట్టి, ఎముక, తుప్పు మన పళ్లకి తగులుతున్నట్టు ఉండటానికి కారణం ఆ ఏడేళ్లే అని నా నమ్మకం.

పాలన మారాక 1990లో ఆయన ‘ద డెత్ ఆఫ్ స్టాలినిజం ఇన్ బొహీమియా’ తీశాడు. ఇక దాచాల్సిన పని లేదు. స్టాలిన్ ప్లాస్టర్ విగ్రహాన్ని ఆపరేషన్ బల్ల మీద కోస్తే లోపలి నుంచి చెక్ నాయకుడు గొట్వాల్ట్ విగ్రహం పుడుతుంది. నన్ను ఎక్కువ కలవరపెట్టింది అది కాదు. మట్టి కార్మికుల బొమ్మలు అచ్చుల్లోంచి వరసగా వస్తాయి, బెల్టు మీద నడుస్తాయి, ఉరికొయ్య దగ్గర వేలాడతాయి, మళ్లీ బకెట్లో మట్టిగా పడతాయి. అదే మట్టితో మళ్లీ కార్మికులు. చివర్లో దేశపు జెండా రంగులు పూసిన విగ్రహం వస్తుంది. దాన్నీ కోస్తారు. లోపల ఏముందో చూపించకుండానే సినిమా అయిపోతుంది. గెలిచామని సంబరపడుతున్న జనానికి ఆ ఏడాదే ఆ సీను చూపించడానికి చాలా గుండె కావాలి.

ప్రశ్న: బొమ్మ ముఖం కదలదు కదా. అలాంటప్పుడు దాని బాధ మనకెలా తెలుస్తుంది? (ఒక హైస్కూల్ టీచర్)

జవాబు: చెక్ బొమ్మల సినిమాల దర్శకుడు యిర్జీ ట్రన్కా బొమ్మలు చూడండి. ఆయన చాలావరకు బొమ్మ ముఖాన్ని మార్చేవాడు కాదు. తల కొంచెం వంచి, దీపం కొంచెం పక్కకి జరిపి, కెమెరా కింద నుంచి పెడితే అదే ముఖం ఏడుస్తుంది. 1965లో ఆయన తీసిన ఆఖరి సినిమా ‘ద హ్యాండ్’ పద్దెనిమిది నిమిషాలు. ఒక గదిలో చిన్న కుమ్మరి తన గులాబీ మొక్కకి కుండీ చేసుకుంటుంటాడు. తొడుగు వేసుకున్న ఒక పెద్ద చెయ్యి వచ్చి, కుండీ వద్దు, నా విగ్రహం చెయ్యి అంటుంది. ఆ చెయ్యి బొమ్మ కాదు, నిజమైన మనిషి చెయ్యి. కుమ్మరేమో బొమ్మ. అధికారం మీద మొత్తం విమర్శ ఆ ఒక్క ఎంపికలోనే ఉంది. కాదంటే బంగారు పంజరంలో పెట్టి, తాళ్లు కట్టి ఆడించి పని చేయించుకుంటుంది. అతను తప్పించుకుని ఇంటికొస్తే తన కుండీయే నెత్తిన పడి చనిపోతాడు. ఆ చెయ్యే ఘనంగా అంత్యక్రియలు చేస్తుంది. ట్రన్కా 1969లో పోయారు. ఆయన పోయాక ఆ సినిమాని నిషేధించారు.

ప్రశ్న: పాత బొమ్మల సినిమాల్లో నల్లజాతి పిల్లాడి బొమ్మకి పెద్ద పెదాలు, గుండ్రటి కళ్లు పెట్టారని ఇప్పుడు గొడవ చేస్తున్నారు. బొమ్మంటేనే అతిశయం. ఊహాలోకపు సినిమాలో ఇది కూడా తప్పేనా? కాలాన్ని బట్టి చూడొద్దా? (ఒక రిటైర్డ్ ఉద్యోగి)

జవాబు: మీ ప్రశ్నలో ఆవేదన నాకు అర్థమైంది అండీ. చిన్నప్పుడు ఇష్టంగా చూసినవాటిని ఎవరో తప్పంటే మనసు ఒప్పుకోదు. అయినా నేను మీతో ఏకీభవించలేను.

మీరు అంటున్నది జార్జ్ పాల్ తీసిన ‘జాస్పర్’ సినిమాల గురించే అనుకుంటాను. పాల్ హంగేరీలో పుట్టాడు. నాజీలు రావడంతో జర్మనీ వదిలి, నెదర్లాండ్స్ మీదుగా అమెరికా చేరాడు. ఆయన పద్ధతిలో ఒకే బొమ్మని వంచి కదిలించరు. ప్రతి కదలికకీ కొత్త కొయ్య ముక్క చెక్కుతారు. ఒక నవ్వు విచ్చుకోవాలంటే ఆ నవ్వు ఒక్కో దశకీ ఒక్కో తల. ఒక చిన్న సినిమాకి వేల ముక్కలు. ఇక్కడ కాస్త ఆగి ఆలోచించండి. కుంచె జారి గీత వంకర పోవడం వేరు. అదే లావు పెదవిని ఒక మనిషి కొయ్యలో చెక్కి, గరుకు కాగితంతో రుద్ది, రంగు వేసి, ఆరబెట్టి, మళ్లీ మొదటి నుంచి ఇంకో తలకి అదే చేయడం వేరు. బొమ్మల సినిమాలో ఏ ముఖమూ పొరపాటున పుట్టదు. మా పనిలో నాకు తెలిసిన మొదటి నిజం ఇదే.

1942నే చూడండి. ఆ సంవత్సరం పాల్ ‘టులిప్స్ షల్ గ్రో’ తీశాడు. నట్లతో, బోల్టులతో చేసిన సైన్యం పూలతోటల దేశం మీద పడుతుంది, చివరికి వానకి తుప్పు పట్టి కూలిపోతుంది. నాజీ సైన్యాన్ని ఇంత చక్కగా ఇనుప చెత్తగా చూపించిన చేతులే అదే సంవత్సరం జాస్పర్‌ని పుచ్చకాయల దొంగగా చూపించాయి. అందుకే ‘కాలం అలాంటిది’ అన్న మాట నాకు నిలవదు. ఆ కాలంలోనే, ఆ మనిషికే, ఒక అన్యాయం స్పష్టంగా కనబడింది, ఇంకొకటి కనబడలేదు. అప్పట్లోనే నల్లజాతి పత్రికలు జాస్పర్‌ని తప్పుబట్టాయి. 1946లో పాల్ ‘జాన్ హెన్రీ అండ్ ద ఇంకీ పూ’ తీశాడు. రైలు పట్టాలు వేసే నల్లజాతి వీరుడు యంత్రంతో పోటీపడి గెలిచి ప్రాణం వదులుతాడు. ఆ బొమ్మకి మనిషి ముఖం ఉంది. చెక్కగలిగే చెయ్యి ముందునుంచీ ఉందన్నమాట.

ముఖంతో, రంగుతో ఆడటమే తప్పని నేను అనడం లేదు. చిలీ నుంచి 2018లో వచ్చిన ‘ద వుల్ఫ్ హౌస్’ అనే సినిమా ఉంది. క్రిస్టోబల్ లియోన్, హోకిన్ కోసిన్యా తీశారు. అక్కడ 1961లో పౌల్ షేఫర్ అనే జర్మన్ మొదలుపెట్టిన ‘కొలోనియా దిగ్నిదాద్’ అనే మూసేసిన కాలనీ ఉండేది. లోపల పిల్లల మీద దారుణాలు జరిగాయి. సైనిక నియంత పినోచే కాలంలో ఖైదీలను అక్కడికి తెచ్చి హింసించారు. సినిమా ఎలా మొదలవుతుందంటే, ఆ కాలనీయే తన మంచితనం చాటుకోవడానికి తీసిన ప్రచార చిత్రంలా. మరియా అనే పిల్ల పారిపోయి ఒక ఇంట్లో చేరుతుంది. అక్కడున్న రెండు పందుల్ని పిల్లలుగా మార్చుకుని పెంచుతుంది. మంటల్లో కాలిన ఆ పిల్లలకి తేనె పట్టిస్తుంది. వాళ్లు కోలుకుంటారు, కోలుకుంటూ వాళ్ల జుట్టు, చర్మం తెల్లవాళ్లలా మారిపోతాయి. బొమ్మలు మనిషంత ఎత్తువి, కాగితం గుజ్జుతో చేసినవి. గోడ మీద రంగు కారుతుంటే ముఖం కరిగి ఇంకో ముఖమవుతుంది. తెల్లబడటాన్నే ప్రేమగా, వైద్యంగా నేర్చుకున్న పిల్ల అది. పారిపోయింది కానీ కాలనీని తనలోనే మోసుకొచ్చింది. చూస్తూ నేను రెండుసార్లు ఆపేశాను.

జాస్పర్ బొమ్మ ‘ఈ పిల్లాడు ఇంతే’ అంటుంది. ‘ద వుల్ఫ్ హౌస్’ బొమ్మ ‘ఈ ముఖాన్ని ఎవరు ఇలా మారుస్తున్నారో చూడు’ అంటుంది. రెండూ వికృతంగానే ఉంటాయి. అయినా రెండూ ఒకటి కావు.

ప్రశ్న: సర్రియలిస్టులకి ఆడబొమ్మ దొరికితే చాలు, చేతులు కాళ్లు విరిచి కొత్తగా అతికిస్తారు. దీన్ని కళ అని మెచ్చుకోవాలా? నాకు ఒళ్లు మండుతుంది. (ఒక చదువరి)

జవాబు: మండటం సహజమేనమ్మా. హాన్స్ బెల్మర్ 1930లలో జర్మనీలో చేసిన ఆడపిల్ల బొమ్మ ఫోటోలు మీరు చూసి ఉంటారు. నాజీ రాజ్యానికి ఉపయోగపడే ఏ పనీ చేయనన్న పట్టుదలతో దాన్ని చేశానని ఆయన చెప్పుకున్నాడు. వాళ్లు పూజించే పరిపూర్ణ దేహానికి ఎదురుగా విరిగిన దేహం. ఆ మాటని నేను నమ్ముతాను. అయినా విరిగింది ఎవరి దేహం అన్న మీ ప్రశ్న అలాగే ఉంటుంది. ఆ బొమ్మ తిరిగి చూడలేదు, మాట్లాడలేదు. ప్రతిఘటన ఆయనదైతే ముక్కలైంది ఆ పిల్ల.

దానికి జవాబుగా ష్వాంక్‌మయర్ 1988లో తీసిన ‘ఆలిస్’ చూడమంటాను. అందులో ప్రాణమున్న నటి ఆ చిన్నపిల్ల ఒక్కతే. పొట్టిగా అయినప్పుడు పింగాణీ బొమ్మ అవుతుంది. మిగతా అందరి మాటలూ ఆమె గొంతులోనే వస్తాయి. ‘అన్నాడు కుందేలు’ అని చెప్పే ప్రతిసారీ ఆమె పెదాలే తెరంతా. అంటే కల ఆమెది, కథ చెప్పేదీ ఆమే. కుందేలేమో రంపపు పొట్టు కూరిన నిజమైన కుందేలు. పొట్ట చిరిగి ఆ పొట్టు రాలుతుంటుంది, తనే మళ్లీ ఏరుకుని తింటుంది. విరిగేవీ కారేవీ అధికారం చెలాయించేవాళ్ల దేహాలు. చివర్లో కత్తెర ఆ పిల్ల చేతికే వస్తుంది.

ప్రశ్న: మేం నలుగురం కలిసి స్టాప్ మోషన్ షార్ట్ ఫిల్మ్ తీస్తున్నాం. కల సీక్వెన్సులో భూతాల కోసం దూరపు ద్వీపాల పూజా ముసుగుల్ని చూసి బొమ్మలు చేశాం. ‘వాళ్ల దేవుళ్లు మీకు భూతాలా?’ అని ఒక ఫ్రెండ్ అడిగాడు. అప్పటి నుంచి టెన్షన్‌గా ఉంది. పని సగం అయిపోయింది. (ఒక యువ దర్శకురాలు)

జవాబు: మీ ఫ్రెండ్ మంచి ప్రశ్న అడిగాడు. మీలాంటి ఇరకాటంలో సర్రియలిస్టులే పడ్డారు. 1931లో ప్యారిస్‌లో వలస దేశాల గొప్పలు చూపించే పెద్ద ప్రదర్శన పెడితే, అక్కడికి వెళ్లకండి అని బ్రెతాన్ బృందం కరపత్రం పంచింది. వలసల అసలు రంగు చూపిస్తూ ఎదురు ప్రదర్శన కూడా పెట్టారు. అదే సంవత్సరం బ్రెతాన్, ఆయన బృందంలోని కవి ఎలువార్ తాము పోగేసిన ఆఫ్రికా, ఓషియానియా, అమెరికా ఆదివాసుల శిల్పాలనీ ముసుగులనీ వేలంలో అమ్మారు. వలసవాదాన్ని నిజాయితీగా వ్యతిరేకించినవాళ్ల ఇళ్లలో కూడా ఆ ముసుగులు చేసినవాళ్లకి చోటు లేదు, ముసుగులకే ఉంది.

ఇప్పుడు నా సంగతి చెప్తాను. పద్నాలుగేళ్ల క్రితం ఆరు నిమిషాల సినిమా ఒకటి చేశాను. ఒక స్త్రీ కలలో ఇంటి గోడలు ఊపిరి తీస్తుంటాయి. ఆమె బొమ్మకి ముప్ఫై ఒక్క నోళ్లు చేశాను, కనురెప్పలు విడిగా చేశాను. అదే ఇంట్లో పనిమనిషి బొమ్మ ఉంది. దానికి ఒక్కటే తల, నోరు ఒక గీత. ప్రదర్శన అయ్యాక అక్కడ లైట్లు సర్దే అమ్మాయి వచ్చి, “అక్కా, ఆ పనమ్మాయి అందరి కలల్లోనూ ఉంది, తనకి మాత్రం కల లేదేం?” అంది. నా దగ్గర జవాబు లేదు. ఇంటికెళ్లి పని పుస్తకం తీశాను. యజమానురాలి తలకి పదకొండు రోజులు పట్టింది. పనిమనిషికి ఒకటిన్నర. ఎవరిని మనిషి అనుకున్నానో ఆ పుస్తకంలో అంకెల్లో రాసి ఉంది. చాలాకాలం ఆ సినిమా ఎవరికీ చూపించలేదు. ఇప్పుడు చూపిస్తున్నాను, ఆ పుస్తకం పేజీతో కలిపి.

మీరూ అలాగే లెక్క చూసుకోండి. మీ భూతాలకి ఎన్ని రోజులు ఇచ్చారు? వాటికి ఒక్క సీనైనా వాటి వైపు నుంచి ఉందా? ఆ ముసుగు ఎప్పుడు, ఎవరు, ఎందుకు పెట్టుకుంటారో నలుగురిలో ఒక్కరికైనా తెలుసా? ‘చూడటానికి భయంగా ఉంది కాబట్టి’ అన్నదే మీ జవాబైతే వాటిని తీసేయండి. సగం పని పోతుందని బాధ ఉంటుంది, నిజమే. బొమ్మల లోపలి అస్థిపంజరాలు, అంటే ఆర్మేచర్లు మాత్రం ఎక్కడికీ పోవు. పైతొడుగు తీసి అదే అస్థిపంజరం మీద మీ కలలోంచి వచ్చిన భూతాన్ని కట్టండి.

జపాన్‌లో బొమ్మల సినిమాలు తీసిన కిహచిరో కవమోతో 1963లో ప్రాగ్ వెళ్లి ట్రన్కా దగ్గర నేర్చుకున్నాడు. ఆయన ట్రన్కాలా తీయాలనే వెళ్లాడు. మీ దేశపు బొమ్మల సంప్రదాయంలో వెతుక్కో అని ట్రన్కాయే చెప్పి పంపాడు. తిరిగొచ్చి ‘నో’ అనే జపాన్ పాత నాటకపు ముసుగుల నుంచి, బున్రాకు అనే అక్కడి బొమ్మలాట నుంచి నేర్చుకుని 1976లో ‘దోజోజి’ తీశాడు. కదలని ముఖంలో కోరిక పాముగా మారడం అందులో చూస్తారు.

ఇతరుల లోకం ముట్టుకోకూడదా అంటే, నేనలా అనను. అమెరికాలో పుట్టి లండన్‌లో పనిచేసే కవలలు క్వే బ్రదర్స్ 1986లో ‘స్ట్రీట్ ఆఫ్ క్రొకడైల్స్’ తీశారు. పోలండ్ యూదు రచయిత బ్రూనో షుల్జ్ కథలకి అది వాళ్ల రూపం. వెనక పుర్రె లేని ఖాళీ తలల బొమ్మలు, దుమ్ము పట్టిన దర్జీ దుకాణం, వాటంతటవే తిరిగే మరలు. నేను యానిమేషన్‌లోకి రావడానికి కారణం ఆ సినిమా. ఇప్పటికీ ప్రాణం. కానీ షుల్జ్‌ని 1942లో నాజీ అధికారి వీధిలో కాల్చి చంపాడని తెలిశాక ఆ దుమ్ము నాకు ఉత్త అందంగా కనిపించడం మానేసింది. ఆ దుకాణాల మనుషులు ఏమయ్యారన్నది సినిమా అడగదు. ఇష్టపడుతూనే ఈ లోటు చెప్పడం నాకు అవసరమనిపిస్తుంది.

ప్రశ్న: మట్టి బొమ్మల మీద యానిమేటర్ వేలిముద్రలు కనిపిస్తే అది పనితనం తక్కువైనట్టా? గ్లవ్స్ వేసుకోవాలా? (అదే బృందంలోని మరొకరు)

జవాబు: తక్కువేం కాదు. ఇద్దరి చేతులు ఒకే బొమ్మ మీద పడితే ముద్రలు మారి షాటులో తేడా తెలుస్తుంది, కాబట్టి ఒక షాటు మొదలుపెట్టినవాళ్లే పూర్తి చేయండి. నేను గ్లవ్స్ వాడేది తెల్ల మట్టికి మాత్రమే. దానికి మురికి త్వరగా అంటుతుంది.